పైటేళ పంచాయితీ

సీరియళ్ళకు ఆదివారం సెలవు. మా పెద్దమ్మకు మాత్రం ఆ రోజే పని.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు రోడ్డెక్కితే, వరి మళ్ళు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. నాకు చిన్నపాటి దిగులు మొదలయ్యేది కూడా అక్కడే. ఈ వారం కథ ఎంత దూరం పోయిందో, అందులోంచి నన్ను ఏం అడుగుతుందో అని. పెన్న సముద్రంలో కలిసే వైపు ఒక పట్టపుపాళెం మాది, చేపలు పట్టేవాళ్ళ ఊరు. పెద్దమ్మ ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని పచ్చిచేపలు అమ్మింది. మోకాళ్ళు మొరాయించాక ఎండుచేపలకు మారింది. నెత్తళ్ళు, సావళ్ళు ఇసుక మీద ఆరబోసి, కాకుల్ని తోలుతూ వసారాలో కూర్చుంటుంది.

"వచ్చినావా అబ్బయా. కూచో. మనోడు మళ్ళా సంతకం పెట్టేసినాడు."

ఏ మనోడు, ఏ సంతకం అని అడగకూడదు. అడిగితే వారమంతా చూడలేదని దొరికిపోతాను.

"దేని మీద పెట్టినాడు పెద్దమ్మా?"

"ఆస్తి కాయితం మీద. సదవకుండా! కోటు తొడుక్కుని ఆఫీసుకు పొయ్యేవాడు, సదవకుండా పెడతాడా? నేను ఏలిముద్ర దాన్ని. పొదుపు గ్రూపు కాయితాల మీద కూడా పైనించి కిందికి సదివించుకోకుండా నేను ఏలు పెట్టను. ఇది అబద్ధం."

ఆమె తీర్పుల్లో మూడు రకాలున్నాయి. 'నిజం', 'సాగదీసినారు', 'అబద్ధం'. సాగదీయడం పెద్ద నేరమేం కాదు. వాళ్ళ పొట్టకూటి కోసం చేస్తారు, పోనీలే అంటుంది. అబద్ధాన్ని మాత్రం క్షమించదు. మనిషి చచ్చి లేచి వచ్చినా అబద్ధం అనదు. సముద్రం మీద పోయాడనుకున్నవాడు నాలుగో రోజు ఇంకో రేవులో తేలడం ఆమె కళ్ళారా చూసింది. మనిషి తన బుద్ధికి తగినట్టు నడవకపోతేనే ఆమె లెక్కలో అది అబద్ధం. చేప మొప్ప ఎత్తి చూసినట్టు చూస్తుంది ప్రతి సీనునీ. లోపల ఎర్రగా ఉండాలి. నల్లబడిందా, గంపలో వెయ్యదు.

ఇప్పుడామె చూస్తున్న సీరియల్ పేరు ఇక్కడ రాయకూడదని నాకు ఆన. రాస్తే వాళ్ళు చదివి కథ మార్చేస్తారట. నవ్వకండి, ఆ భయానికి ఆధారం ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

పైటేళ అంటే మా వైపు మిట్టమధ్యాహ్నం. సీరియల్ అనగానే పట్నం వాళ్ళకు రాత్రి ఏడున్నరా, ఎనిమిదీ గుర్తొస్తాయి. చానళ్ళు డబ్బు పోసేదీ ఆ గంటల మీదే. పైటేళ సీరియళ్ళంటే వాళ్ళకు చిన్నచూపు. తక్కువ ఖర్చు, పెద్ద పేరు లేని నటులు, ఒకే ఇంటి హాలులో పది ఎపిసోడ్లు. కానీ పాళెంలో ఆడవాళ్ళ పొద్దు వేరు. తెల్లారకముందే బోట్లు ఒడ్డుకొస్తాయి. ఇసుక మీద చేపలకు వేలం పాట పాడతారు. పాటలో కొన్న కానాగంతలో, కవళ్ళో గంపలకెత్తి ఆటోల్లో నెల్లూరుకో కోవూరుకో పోతారు. పన్నెండింటికి గంప కడిగి తిరుగు ఆటో ఎక్కుతారు. ఇంటికొచ్చి, స్నానం చేసి, అంత ముద్ద తిన్నాక దొరికే గంటన్నరే ఆ రోజుకు వాళ్ళది. పొద్దుగూకితే మళ్ళా పొయ్యి, పిల్లలు, తాగొచ్చే మగాడు. రాత్రి ఏడున్నర సీరియల్ మేడల్లో ఉండేవాళ్ళది, పైటేళ సీరియల్ గంపలు మోసేవాళ్ళది. ఈ మాట నాది కాదు, పెద్దమ్మది.

ఆ గంటన్నరను తెలుగులో అందరికంటే ఎక్కువ కాలం ఏలింది ఈటీవీ 'అభిషేకం'. 2008 డిసెంబరులో మొదలై 2022 ఫిబ్రవరిలో ఆగింది. సుమారు 4,000 ఎపిసోడ్లు. అదే చానల్లో 2009 జనవరిలో మొదలైన 'ఆడదే ఆధారం' కూడా 3,000 దాటి 2020లో ముగిసింది. ఈ అంకెలు చూసి నవ్వుకునేవాళ్ళు ఒక్కసారి మా ఒడ్డు మీద నిలబడి లెక్కేసుకోవాలి. 'అభిషేకం' మొదలైన ఏడాదే నెల్లూరు జిల్లా పేరుకు ముందు పొట్టి శ్రీరాములు చేరాడు, కృష్ణపట్నం రేవు తెరుచుకుంది. అది నడుస్తుండగానే రాష్ట్రం రెండయింది. 2015 నవంబరు వానలకు ఊళ్ళు మునిగి, కరెంటు పోయి, పాళెమంతా చీకట్లో కూర్చుంది. 2020లో కరోనాకు సముద్రం మీద వేటా ఆగింది, హైదరాబాదులో షూటింగులూ ఆగాయి. చివరి ఎపిసోడ్ అయిన రెండు నెలలకు జిల్లానే ముక్కలైంది. సూళ్లూరుపేట, పులికాట్ ఒడ్డు తిరుపతి జిల్లాలోకి పోయాయి. మొదటి ఎపిసోడ్ నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, చివరి ఎపిసోడ్ నాటికి ఇంటర్ దాటేసి ఉంటుంది.

"అయిపోయిన రోజు ఏడ్చినావా?" అని అడిగాను.

"ఏడుపెందుకూ? కాకపోతే మరుసటి రోజు అన్నం తిన్నాక చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలవలా."

మంజులా నాయుడు తీసిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' జెమినీలో వచ్చిన కాలంలో మా ఇంటికింకా టీవీ లేదు. కిరాణా అంగడి ముందర గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ళం. 2013 మేలో 'మొగలిరేకులు' అయిపోయినప్పుడు ఆ అంగడాయన బాధ చూడాలి. సీరియల్ వచ్చే అరగంటలో అమ్ముడయ్యే బఠాణీలు ఇక అమ్ముడు కావు కదా. అంతకుముందు రాధిక 'పిన్ని' అరవంలోంచి తెలుగు మాటలతో వచ్చింది. తడ, సూళ్లూరుపేట వైపు చుట్టాలు దాన్ని అరవంలోనే ముందుగా చూసేసి, పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు కథ చెప్పేసేవాళ్ళు. ఆ చుట్టాలతో పెద్దమ్మ కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు కూడా.

ఈ రోజువారీ కథల పుట్టుక ఇక్కడిది కాదు. 1930లలో అమెరికా రేడియోలో, పగటిపూట ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు సబ్బులమ్ముకోవడానికి సబ్బుల కంపెనీలు డబ్బిచ్చి చెప్పించిన కథలవి. అందుకే వాటికి 'సోప్' అని ఆ సబ్బు పేరే పడింది. 'గైడింగ్ లైట్' అనే కథ 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009 దాకా సాగింది. డెబ్బై రెండేళ్ళు. ఈ లెక్క చెబితే పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. "అయితే అందులో అత్త పాత్ర ఎన్నిసార్లు మారుంటాదో" అని మాత్రం అడిగింది.

మన దేశంలో 1984 జూలైలో దూరదర్శన్ 'హమ్ లోగ్' మొదలుపెట్టింది. మెక్సికోలో మిగెల్ సబిదో చేసిన ప్రయోగం చూసి, కుటుంబ నియంత్రణ లాంటి సంగతులు కథలో కలిపి చెప్పాలన్నది ఉద్దేశం. ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. ఏడాదిన్నరలో ప్రేక్షకుల నుంచి దాదాపు 4 లక్షల ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఆ సీరియల్ ప్రభావం మీద పరిశోధన చేసినవాళ్ళకు ఒక చిక్కు ఎదురైంది. అణిగిమణిగి పడుండే తల్లి భాగవంతిని చూసి, ఇలా ఉండకూడదని జనం నేర్చుకుంటారనుకున్నారు. చాలామంది ఆమెనే ఆదర్శం చేసుకున్నారు. రాసినవాడి ఉద్దేశం ఒకటి, చూసేవాళ్ళ తీర్పు ఒకటి. దీన్ని ప్రభుత్వం ఓటమిగా చెప్పేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఆ లక్షల ఇళ్ళలోనూ మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఒక్కొక్కరు కూర్చుని, మొప్ప ఎత్తి చూసి, ఎవరి లెక్క వాళ్ళు కట్టుకుని ఉంటారు.

ఇక ఇళ్ళకు టీవీలొచ్చాక రాత్రి సీరియల్ మా పాళెంలోకి దూరింది ఒక్కటే. దాని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే.

'కార్తీక దీపం' స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైంది. మలయాళం 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. అక్కడ నాయికగా చేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడ దీప అయింది. నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబు, శోభా శెట్టి మోనిత. భార్య మీద అనుమానంతో భర్త ఆమెను వదిలేస్తాడు. కవల పిల్లల్లో ఒకతె తల్లి దగ్గర, ఒకతె నాయనమ్మ సౌందర్య దగ్గర పెరుగుతారు. దీప వంట చేసి బతుకుతుంది. జనానికి వంటలక్క అయింది. ఐపీఎల్ మ్యాచులు అదే ఏడున్నరకు మొదలవుతున్నాయి, సీరియల్ వేళ మార్చండి అని ఒక క్రికెట్ అభిమాని చానల్‌ను వేడుకున్న సంగతి 2020లో వార్తయింది. ఇళ్ళలో రిమోట్ ఎవరి చేతిలో ఉందో దానితో తేలిపోయింది.

పెద్దమ్మ కేసు ఒకటే. డాక్టర్ బాబు మీద.

"వాడు గుండె డాక్టరు. ఊరందరికీ పరీచ్చలు రాస్తాడు. తన బిడ్డలు తన బిడ్డలా కాదా అని ఒక్క పరీచ్చ చేయించుకోలేడా? నెల్లూర్లో పొగతోట వీధిలోకి పోతే గంటలో చేసిస్తారు గదా!"

డీఎన్ఏ అన్న మాట ఆమెకు ఆ సీరియల్ నేర్పిందే. ఆ ఒక్క పరీక్ష ఎన్నేళ్ళు వాయిదా పడిందో తెలుగునాట జోకులేసుకోని ఇల్లు లేదు. ప్రతి ఆదివారం "అబద్ధం" తీర్పు పడేది, సోమవారం మళ్ళీ చూసేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, అబద్ధమని తెలిసి ఎందుకు చూస్తావని. "మగాడు అనుమానం పడితే పరీచ్చలకు లొంగుతాడా? వాడికి నిజం అక్కర్లేదు అబ్బయా, అనుమానం కావాల. అది నిజం. పరీచ్చ సంగతే అబద్ధం." ఈ రెంటినీ ఆమె వేరుచేసి చూసిన తీరు నాకిప్పటికీ ఆశ్చర్యం. సీరియళ్ళను ఎగతాళి చేస్తూ నేను కూడా ఒకప్పుడు కాలమ్ రాశాను. అందులో ఈ తేడా నాకు తట్టలేదు.

2022 మార్చిలో దీపనూ డాక్టర్ బాబునూ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళను చేసి కథ ముందుకు తోశారు. పాళెంలో ఒక్కొక్కరే టీవీలు కట్టేశారు. పెద్దమ్మ తీర్పు చిన్నది. "మనకు సంబంధం ల్యా." ఒక్క మా పాళెమే కాదు, తెలుగునాట చాలా ఇళ్ళలో ఇదే మాట. కొన్ని నెలలకు ఇద్దర్నీ మళ్ళీ బతికించి తెచ్చారు. 2023 జనవరిలో ఆ కథ ముగిసింది, 1,500 ఎపిసోడ్లు దాటాక. 2024 మార్చిలో అదే జంటతో కొత్త కథగా రెండోది మొదలైంది. ప్రేక్షకుల రేటింగులు చానళ్ళకు వారం వారం వస్తాయి. కథ రాస్తూ ఉండగానే తీర్పు చేతికందుతుంది. అచ్చయిపోయిన నవలకు ఆ భాగ్యమూ లేదు, ఆ శిక్షా లేదు. కాబట్టి పేరు రాస్తే కథ మార్చేస్తారన్న పెద్దమ్మ భయాన్ని నేను కొట్టిపారేయలేను.

ఆ సీరియల్ మీద నా కేసు వేరే ఉంది. తెర మీద దీప నలుపు మేకప్ నలుపు. నలుపును అవమానించకూడదని చెప్పే కథలో నలుపును రంగులా పూయడం ఏమిటని నాకు మంట. ఇది చెబితే పెద్దమ్మ చేతులు చాపి చూపించింది. నలభై ఏళ్ళు సముద్రపు ఎండలో కాలిన చేతులు. "పూసుకున్నదో పుట్టిందో, నల్లదానికోసం ఊరంతా ఏడ్చింది గదా. అంతకుముందు ఎవుడేడ్చినాడు?" నా మాట తప్పని ఇప్పటికీ అనుకోను. జవాబు మాత్రం దొరకలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం, మోటారు బోట్లు కదలకూడదు. ఆ రోజుల్లో పైటేళ సీరియల్ చూసే తీరే మారిపోతుంది. మగాళ్ళు ఇంట్లో ఉంటారు. సీరియల్ చూడరు వాళ్ళు, సత్యప్రమాణంగా చూడరు. వసారాలో తలుపుకు ఎదురుగా కూర్చుని వల బాగుచేసుకుంటారు, అంతే. మా చిన్నాన్న వీపు టీవీకి కాస్త పక్కగా ఉంటుంది, చెవి మాత్రం లోపలే. ఉరుము శబ్దం వచ్చి, ఒక్క మొహాన్నే మూడుసార్లు దగ్గరికి లాగి చూపించినప్పుడు వల అల్లే కండె ఆగుతుంది. "ఎవరొచ్చినారు?" అంటాడు తల తిప్పకుండా. "నువ్వు చూట్టంలే గదా, నీకెందుకు?" అని లోపలి నుంచి జవాబు. జూన్ రెండో వారానికి ఆయనకు పాత్రలన్నీ కంఠతా వచ్చేస్తాయి. పదిహేనో తేదీన బోటెక్కి పోతాడు. సగంలో వదిలేసిన కథ ఏమైందో మళ్ళీ ఏప్రిల్ దాకా అడగడు. అడిగితే పరువు పోదూ.

పాళెంలో తగవులొస్తే కాపులు, అంటే మా కులపెద్దలు, కూర్చుంటారు. తప్పు తేలితే జరిమానా, మాట వినకపోతే దురాయి, అంటే వెలి. మా పాళెంలో ఆ కూర్పు మగాళ్ళది. ఆడవాళ్ళు దూరంగా నిలబడి వినాలి, పిలిస్తేనే మాట్లాడాలి. నేను పెరిగింది అక్కడే కాబట్టి ఆ మౌనం నాకు తెలుసు. పెద్దమ్మ వసారాలో పైటేళ పదిమంది ఆడవాళ్ళు చేరి, సీరియల్ అయ్యాక అరగంట అరుచుకునే అరుపులు కూడా తెలుసు. ఈ రెంటికీ సంబంధం ఉందని మాత్రం నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది.

మూడేళ్ళ కిందట వీధిలో ఒకింటి కోడలు బిడ్డనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అత్తతో పడలేదు. ఆ అత్త కూడా రోజూ పైటేళ ఈ వసారాకే వచ్చేది. ఆమె ముందు ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే అది తగవు, తగవైతే కాపుల దాకా పోతుంది. ఆ వారాల్లో సీరియల్లోనూ ఒక కోడలు ఇల్లు వదిలింది. ఇక చూడాలి. "పొద్దస్తమానం తిండి దగ్గర లెక్కలేస్తే ఏ పిల్ల ఉంటాది?" అంది ఒకామె, టీవీ వైపు చెయ్యి చూపిస్తూ. "కొడుకు నోరు తెరవడే? వాడిది తప్పు" అంది ఇంకొకామె. అందరూ తెర వైపే చూస్తున్నారు. ఆ అత్త కూడా తెర వైపే చూస్తూ, కాసేపాగి, "ఆ అత్తకు మాత్రం కష్టం ల్యా? మొగుడు పోయినాక ఒక్కతే పెంచుకున్నింది కొడుకుని. భయం ఉండదా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ అంది, "భయముంటే పక్కన వేరు పొయ్యి పెట్టించాల. కళ్ళ ముందరే ఉంటారు, కూడు వేరు. ఆ సీరియలోళ్ళకు ఆ తెలివి ల్యా."

ఆ సీరియల్లో వేరు పొయ్యి పడలేదు. కోడలికి గతం మర్చిపోయే జబ్బొచ్చి కథ ఇంకెటో పోయింది. వీధిలో మాత్రం ఆ ఇంటి పక్కన నెలలోపే తాటాకు పంచ ఒకటి వేశారు. బిడ్డ ఏడుపు మళ్ళీ వినబడింది. మీరే కదా సర్దింది అంటే పెద్దమ్మ ఒప్పుకోదు. "ఒకరి ఇంటి సంగతి మనకెందుకు? మేము సీరియల్ గురించి గదా మాట్లాడుకునింది" అంటుంది.

ఇప్పుడందరి దగ్గరా ఫోన్లున్నాయి. టీవీలో రాకముందే పొద్దున్నే ఫోన్లో చూసేస్తున్నారు పిల్లలు. మనవరాలు అలా చూసి చెప్పబోతే పెద్దమ్మ చెవులు మూసుకుంది. ముందే తెలిస్తే బాధ తగ్గుతుందని కాదు, ఒక్కతే చూస్తే తీర్పు చెప్పేదెవరికి అని. వసారాలో ఇప్పుడు పదిమంది లేరు, నలుగురే. ఇద్దరు పోయారు. కొందరు రొయ్యల షెడ్డుకు తలలు తీసే పనికి పోతున్నారు. అక్కడ పైటేళ సెలవు లేదు. వాళ్ళకోసమే ఆదివారం పొద్దున వారం కథంతా మళ్ళీ చెబుతుంది. నాకు చెప్పేది దానికి రిహార్సల్ అని ఈ మధ్యే తెలిసింది.

పోయిన నెలలో ఒక సోమవారం పని మీద అటు వెళ్ళాను. సీరియల్ మొదలైన ఐదు నిమిషాలకు మబ్బు పట్టింది. ఇసుక మీద నెత్తళ్ళు ఆరేసి ఉన్నాయి. తడిస్తే వారం రాబడి పోయినట్టే. పెద్దమ్మ లేచి పరుగు తీస్తూ, "అబ్బయా, ఆ పిల్ల ఈ రోజు అత్త కాళ్ళ మీద పడతాది. చూసి చెప్పు" అంది. నేను సాయం పోతానంటే ఒప్పుకోలేదు. నేను చూశాను, ఒళ్ళు దగ్గర పెట్టుకుని. గంట తర్వాత తడిసిన చీర పిండుకుంటూ వచ్చి అడిగింది. పిల్ల అత్త కాళ్ళ మీద పడిందని, క్షమించమందని, ఏడ్చిందని చెప్పాను.

"ఏడ్చిందా, ఏడ్చినట్టు చేసిందా?"

"నీళ్ళొచ్చినాయి పెద్దమ్మా."

"నీళ్ళు సరే. కన్ను చూసినావా?"

చూడలేదని ఒప్పుకున్నాను. ఆమె గోనెపట్టా దులిపి, తడవని నెత్తళ్ళను ఒకవైపు, తడిసిన వాటిని ఒకవైపు వేరుచేయడం మొదలుపెట్టింది.